ఉద్యోగం చేస్తూ నేర న్యాయ విద్య: చేరే ముందు తెలుసుకోవలసినవి

కోర్టు గుమ్మం తొక్కిన ఏ తెలుగువాడికైనా ‘ముద్దాయి’ అంటే ఎవరో చెప్పనక్కరలేదు. నేరం మోపబడినవాడు. ఉర్దూలో మాత్రం ఇదే మాటకు అర్థం తలకిందులు. అక్కడ ‘ముద్దయీ’ అంటే దావా వేసినవాడు! ఖైదీ, జామీను, వకీలు, ఫిర్యాదు, జప్తు వంటి మాటలు అరబీ, ఫార్సీల నుండి వచ్చి మన ఇళ్లలో రెండు భాషల్లోనూ నలుగుతున్నవే. అయితే మాట నోట నలిగినంత మాత్రాన దాని వెనుకనున్న చట్టం తెలిసినట్లు కాదు. ఆ చట్టాన్ని ఉద్యోగం మానకుండానే పద్ధతిగా చదువుకోదలచిన వారి కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

నేర న్యాయం అనగానే ఖాకీ దుస్తులే గుర్తుకు వస్తాయి. నిజానికి ఫిర్యాదు, దర్యాప్తు, కోర్టు విచారణ, జైలు, విడుదలైన తర్వాతి బతుకు, ఇవన్నీ కలిసిన గొలుసు అది. ఆ గొలుసు అనేక ఉద్యోగాలను తాకుతుంది. ఒక పిల్లవాడిపై లైంగిక అఘాయిత్యం జరిగిందని తెలిసిన ఉపాధ్యాయుడు ఆ సంగతి పోలీసులకు తెలియజేసి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ చెబుతున్నది. తెలియజేయకపోతే 21వ సెక్షన్ కింద అదే నేరమవుతుంది. పరువు పోతుందని సర్దిచెప్పే పెద్దమనుషుల మధ్య నిలబడిన ఉపాధ్యాయునికి ఈ రెండు సెక్షన్లు తెలిసి ఉండడం ఎంత అవసరమో వేరే చెప్పాలా?

పైగా 2024 జూలై 1 నుండి మూడు పాత చట్టాల స్థానంలో కొత్తవి అమలులోకి వచ్చాయి. 1860 నాటి శిక్షాస్మృతికి బదులు భారతీయ న్యాయ సంహిత, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌కు బదులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 1872 నాటి సాక్ష్య చట్టానికి బదులు భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చాయి. సామెతగా మారిన ‘420’ ఇప్పుడు 318వ సెక్షన్‌లో ఉంది. హత్యకు శిక్ష చెప్పే 302 ఇప్పుడు 103 అయింది. పాతికేళ్ల అనుభవం ఉన్నవారు కూడా మళ్లీ పుస్తకం పట్టవలసిందే.

ఈ చదువు ఎవరికి మేలు చేస్తుందో తెలియాలంటే 1979 నాటి సంగతి ఒకటి గుర్తు చేసుకోవాలి. బీహారు జైళ్లలో విచారణ ఖైదీలు ఏళ్ల తరబడి మగ్గుతున్నారని కె.ఎఫ్. రుస్తుంజీ ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రికలో రాశారు. నేరం రుజువైతే పడే శిక్షకన్నా ఎక్కువ కాలం లోపల గడిపినవారు వారిలో ఉన్నారు. రాసిన వ్యక్తి వకీలు కారు, పోలీసు అధికారి. సరిహద్దు భద్రతా దళానికి మొదటి అధిపతి. ఆ రాతలు చదివి న్యాయవాది కపిలా హింగోరాణీ సుప్రీంకోర్టు తలుపు తట్టారు. హుస్సైనారా ఖాతూన్ అనే విచారణ ఖైదీ పేరుతో ఆ కేసు ప్రసిద్ధమైంది. సత్వర విచారణ రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన హక్కేనని కోర్టు తేల్చిచెప్పింది.

నలభై ఏళ్లు దాటినా కథ ముగియలేదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022 చివరినాటికి దేశంలోని ఖైదీలలో ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. కొత్త సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైలులో గడిపితే బాండు మీద విడుదలకు అర్హుడు. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడే నేరాలకు ఇది వర్తించదు. ఒకటికి మించి కేసులున్నవారికీ వర్తించదు. మామూలు దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు, అంటే ఏడాది నిండితే చాలు. కోర్టుకు అర్జీ పంపవలసిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే. ఈ ఒక్క సెక్షన్ తెలిసినవాడు బస్తీకి ఒక్కడున్నా, ఏ తల్లి అయినా జామీను కోసం చెవి కమ్మలు కుదువ పెట్టే ముందు సరైన సలహా పొందగలదు.

ఇక ఎక్కడ చదవాలి? ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే ఇగ్నో, దూరవిద్యలో నేర న్యాయంలో పీజీ డిప్లొమా నడుపుతున్నది. ఏ డిగ్రీ ఉన్నవారైనా చేరవచ్చు. కనీస కాలం ఏడాది, తీరిక దొరకని వారికి మూడేళ్ల వరకు గడువు ఉంటుంది. ఇగ్నోకు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నాలలో ప్రాంతీయ కేంద్రాలున్నాయి. అసైన్‌మెంట్లు ఇంట్లో రాయవచ్చు, పరీక్షకు మాత్రం కేంద్రానికి వెళ్లాలి.

అయితే ఈ డిప్లొమాతో నల్లకోటు రాదు. ఇది చాలామంది పొరబడే చోటు. వకీలు కావాలంటే కాలేజీకి వెళ్లి చదివిన ఎల్‌ఎల్‌బీయే కావాలి. దూరవిద్య ఎల్‌ఎల్‌బీని బార్ కౌన్సిల్ గుర్తించదు. ఇంటర్మీడియట్ లేకుండా నేరుగా ఓపెన్ డిగ్రీ చేసినవారు ఎల్‌ఎల్‌బీలో చేరడానికి అర్హులు కారన్న సంగతి మదరసా చదువు తర్వాత డిగ్రీకి వెళ్లే మన పిల్లలు ముందే తెలుసుకోవాలి.

ఆన్‌లైన్ డిగ్రీల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. గుర్తింపు పొందిన సంస్థలిచ్చే ఆన్‌లైన్, దూరవిద్య డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానమని యూజీసీ 2022లో ప్రకటించింది. అసలు కిటుకు ‘గుర్తింపు’ అన్న మాటలోనే ఉంది. మీరు చేరదలచిన సంవత్సరానికి ఆ కోర్సు యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలో ఉన్నదో లేదో స్వయంగా చూసుకోండి. ఆ విభాగం ఇచ్చే డెబ్-ఐడీ నంబరు విద్యార్థి తానే తీసుకోవాలి. సందు చివరి గదిలో కూర్చుని “పరీక్ష మేం చూసుకుంటాం, ఫీజు మాకు కట్టండి” అనేవారి చేతిలో పైసా పెట్టవద్దు. కష్టార్జితంతోపాటు ఉద్యోగానికే ముప్పు రావచ్చు. ప్రభుత్వోద్యోగులు ముందుగా శాఖ అనుమతి తీసుకోవడం మంచిది.

సమయం సంగతి ఇంటిల్లిపాదీ కలిసి తేల్చుకోవలసినది. ఫజ్ర్ నమాజు తర్వాత ఒక గంట కదలకుండా కూర్చోగలిగితే ఏడాదిలో మూడు వందల గంటలు దాటుతుంది. ఆ గంటలో వంటింటి పని మరొకరు అందుకుంటేనే ఉద్యోగం చేస్తున్న ఆడబిడ్డ చదవగలదు. భర్త, అత్తగారు, ఎదిగిన పిల్లలు అందరూ ఆ గంటను ఆమెకు ఇవ్వాలి. అలా ఇచ్చిన ఇంట్లోకి వచ్చే విద్య ఆ ఇంటి గడప దగ్గరే ఆగిపోదు. పోలీసు స్టేషన్ ముందు బిత్తరపోయి నిలబడిన పొరుగువాడికీ అది అక్కరకు వస్తుంది.