వైడ్ లెన్స్‌కు ఫిల్టర్ హోల్డర్ తగిలిస్తే మూలలు ఎందుకు నల్లబడతాయి? ఏం చేయాలి?

గండికోటలో సూర్యోదయం తీయబోయేవారికి ఎదురయ్యే చిక్కే ఇది. ఆకాశం వెలిగిపోతుంటుంది, కింద పెన్న లోయ ఇంకా చీకట్లోనే ఉంటుంది. రెంటినీ ఒకే ఫొటోలో పట్టాలంటే పైసగం ముదురుగా, కిందిసగం తేటగా ఉండే గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ కావాలి. దాన్ని పైకీ కిందికీ జరుపుకోవడానికి హోల్డర్ కావాలి. 50 ఎం.ఎం. లెన్స్ మీద ఆ హోల్డర్‌తో ఏ పేచీ ఉండదు. అదే 16 ఎం.ఎం.కు తగిలిస్తే నాలుగు మూలల్లోనూ నల్లమచ్చలు!

ఫిల్టర్ చిన్నదైందని చాలామంది వెంటనే పెద్దది కొంటారు. సైజు సంగతి తర్వాత, ముందు చూడాల్సింది దూరం. కిటికీకి ముఖం ఆనిస్తే వీధి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా కనిపిస్తుంది. నాలుగడుగులు వెనక్కి వేస్తే చట్రం అడ్డొస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 16 ఎం.ఎం. లెన్స్ మూల నుంచి మూలకు దాదాపు 107 డిగ్రీలు చూస్తుంది. హోల్డర్ అంచు ఒక్క మిల్లీమీటరు ముందుకు జరిగితే, అడ్డు రాకుండా ఉండాలంటే మూలవైపు 1.35 మిల్లీమీటర్లు పక్కకు తప్పుకోవాలి. 24 ఎం.ఎం.కు 0.9 చాలు, 50కి 0.43. హోల్డర్ 5 మిల్లీమీటర్లు పొడుచుకొచ్చిందంటే, 16 మీద వ్యాసంలో 13.5 మిల్లీమీటర్లు నష్టపోయినట్టే. ఏపీఎస్-సీ సెన్సర్ మీద అదే 16 దాదాపు 24లా పనిచేస్తుంది కాబట్టి అక్కడ ఈ బాధ తక్కువ.

అందుకే మొదట లెన్స్ మీదున్న యూవీ ఫిల్టర్ విప్పేయండి. హోల్డర్‌ను అనవసరంగా ముందుకు నెట్టేది అదే. తర్వాత స్లాట్లు చూడండి. 84 మిల్లీమీటర్ల ఫిల్టర్లు పట్టే కోకిన్ పీ ప్లాస్టిక్ హోల్డర్‌లో ఒకదాని ముందు ఒకటిగా స్లాట్లుంటాయి. మనం వాడేది సాధారణంగా ఒక్కటే, మిగతావి ఊరికే ఫ్రేములోకి తొంగి చూస్తాయి. కోకిన్ వాళ్లే ఒకే స్లాటుతో వైడ్ యాంగిల్ హోల్డర్ అమ్మారు. అది దొరక్కపోతే హాక్సా బ్లేడు ఉండనే ఉంది.

హోల్డర్‌ను లెన్స్ నుంచి తీసి, లెన్స్‌ను ఇంకో గదిలో పెట్టాకే కోత మొదలెట్టండి. లోపలి స్లాటు ముందుగోడ మీద కోయకూడదు, దాని తర్వాతి ఖాళీలో కోయాలి. ఆ గోడ పోతే ఫిల్టర్‌ను పట్టుకునేది ఏమీ ఉండదు. మిగిలిన మొండిని సాండ్ పేపరుతో అరగదీసి మాట్ బ్లాక్ రంగు వేయండి. తెల్లబారిన ప్లాస్టిక్ అంచు మీద వెలుగు పడితే అది ఫొటోలోకి ప్రతిఫలిస్తుంది.

పరీక్షించేటప్పుడు వ్యూఫైండర్‌ను నమ్మొద్దు. చాలా ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల్లో అది ఫ్రేమును పూర్తిగా చూపదు, పైగా అపెర్చర్ పూర్తిగా తెరిచి చూపుతుంది. ఎఫ్/16లో తెల్లగోడను తీసి చూడండి. హోల్డర్‌ను 30 డిగ్రీలు తిప్పి ఇంకోసారి తీయండి, కొండ అంచు ఏటవాలుగా ఉన్నప్పుడు అవసరపడేది అదే. జూమ్ లెన్సైతే ఎక్కడికొచ్చేసరికి మూలలు తేటపడ్డాయో గుర్తుంచుకోండి.

అప్పటికీ కుదరకపోతే 100 మిల్లీమీటర్ల హోల్డర్. హోల్డర్‌ను లెన్స్‌కు బిగించే లీ కంపెనీ వైడ్ యాంగిల్ రింగు లోపలికి కుంగి ఉంటుంది కాబట్టి హోల్డర్ లెన్స్ వైపు వెనక్కి జరిగి కూర్చుంటుంది. అంటే ఇక్కడా ఆదా చేసేది దూరాన్నే. 2007లో వచ్చిన నికాన్ 14-24 లాంటి ఉబ్బెత్తు గాజు లెన్సులకు ఆ రింగు బిగించే మరలే ఉండవు. వాటికి 150 మిల్లీమీటర్ల ఎస్‌డబ్ల్యూ150 లాంటి సెట్టు కావాలి. ఖరీదూ బరువూ చూస్తే రెండు ఎక్స్‌పోజర్లు తీసి కంప్యూటర్లో కలుపుకోవడమే నయమనిపిస్తుంది నాకు. కేనన్ 17-40 వెనకవైపు జెలటిన్ ఫిల్టర్ ముక్క దూర్చే చోటుంది. మామూలు ఎన్‌డీకి అది బాగానే పనికొస్తుంది కానీ, గ్రాడ్యుయేటెడ్ గీతను అక్కడ జరుపుకోలేం.

పోలరైజర్ సంగతి వేరు. సూర్యుడికి 90 డిగ్రీల దిశలో ఆకాశం బాగా ముదురుతుంది. అడ్డంగా 97 డిగ్రీలు చూసే 16 ఎం.ఎం. లెన్స్‌తో అటు తిరిగితే ఆ ముదురు పట్టీ ఫ్రేము నడుమ పడుతుంది, రెండు వైపులా నీలం వెలిసిపోతుంది. హోల్డర్‌ను ఎంత కోసినా దానికి మందు లేదు. పోలరైజర్ తీసి సంచిలో పెట్టుకోవడమే.