వలందుల దేశానికి వెళ్లేముందు: డచ్ మాటలపై అపోహలు – వాస్తవాలు

బళ్లారి గాంధీనగర్‌లో అమెరికా ప్రయాణం పాత కబురైపోయింది. ఈమధ్య నెదర్లాండ్స్ పేరు వినబడుతోంది. కొడుకో కూతురో ఐండ్‌హోవెన్‌లో చిప్ యంత్రాలు చేసే ఏఎస్‌ఎంఎల్ చుట్టుపక్కల ఉద్యోగం తెచ్చుకుంటారు, లేదా ఆమ్‌స్టర్‌డాం పక్కనున్న ఆమ్‌స్టెల్‌వేన్‌లో కాపురం పెడతారు. అమ్మానాన్నలు మూడు నెలల వీసా చేయించుకుని, బెంగళూరులో విమానం ఎక్కుతారు. ఎక్కేముందు ఊరంతా సలహాలే. "ఒక్క ముక్క నేర్చుకోనక్కర్లేదు, అక్కడ అందరికీ ఇంగ్లీషు వచ్చు" అని ఒకరు. "అది గొంతు గీరుకుంటూ మాట్లాడే భాష, ఈ వయసులో మనవల్ల ఏమవుతుంది" అని ఇంకొకరు. రెండింటిలోనూ కొంత నిజముంది. ఆ కొంత నిజాన్ని నమ్ముకునే స్టేషన్‌లో నిలబడి రైలు పోగొట్టుకుంటారు.

అపోహ: డచ్ అంటే జర్మనే.

కాదు. రెండూ దగ్గరి చుట్టాలు, కానీ వేరు భాషలు. డచ్ నెదర్లాండ్స్‌లోనూ, బెల్జియం ఉత్తర భాగంలోనూ, దక్షిణ అమెరికాలోని సురినామ్‌లోనూ మాట్లాడతారు. తెలుగువాళ్లకు ఈ జనం కొత్త కాదు. 1605లో మచిలీపట్నం చేరి, మన అద్దకం బట్టలు ఓడలకెత్తుకున్న వలందులు వీళ్లే. బందరులో వలందపాలెం, భీమిలిలో వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1824 ఒప్పందంతో ఇక్కడి స్థావరాలు ఇంగ్లీషువాళ్లకు అప్పజెప్పి వెళ్లిపోయారు. రెండు వందల ఏళ్లు వ్యాపారం చేసినా వాళ్ల భాష మనకు అంటలేదు. ఆ రోజుల్లో రేవుల్లో బేరాలకు పోర్చుగీసు ఎక్కువగా నడిచేది.

అపోహ: అక్కడ ఇంగ్లీషు చాలు.

మనిషితో మాట్లాడటానికి చాలు. ఇంగ్లీషు మాతృభాష కాని దేశాల్లో ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లలో డచ్చివాళ్లు ముందు వరుసలో ఉంటారు. పోలీసును, డాక్టరును, బస్సు డ్రైవరును ఇంగ్లీషులో అడగండి, జవాబు ఇంగ్లీషులోనే వస్తుంది. చిక్కంతా బోర్డులు, ప్రకటనలు, సరుకుల పొట్లాలతో. వాటిని ఎదురు ప్రశ్న అడగలేం కదా! స్కిపోల్ విమానాశ్రయంలో అన్నీ ఇంగ్లీషులో కనిపిస్తాయి. అక్కడినుంచి చిన్న ఊళ్లకు పోయే 'స్ప్రింటర్' రైలు ఎక్కాక చెవిన పడేది చాలావరకు డచ్చే. 'స్పోర్' అంటే ప్లాట్‌ఫారం. 'వెర్‌త్రాఖింగ్' అంటే ఆలస్యం. 'రైత్ నీత్' అని కనిపిస్తే ఆ రైలు నడవదు. 'ఓవర్‌స్తాపెన్' అంటే రైలు మారాలి. ఒకప్పుడు గుంతకల్లులో బోగీలు విడదీసి వేరే రైలుకు తగిలించినట్టు అక్కడా కొన్ని రైళ్లు దారిలో రెండుగా విడిపోతాయి. వెనక భాగంలో కూర్చుని నిద్రపోతే వేరే ఊరు చేరతారు. స్టేషన్‌లో 'ఔత్‌ఖాంగ్' కనబడితే అటే బయటికి దారి.

సూపర్‌మార్కెట్ కౌంటర్ దగ్గర అమ్మాయి గబగబా "బోన్ కావాలా" అన్న అర్థంలో ఏదో అంటుంది. 'బోన్' అంటే రసీదు. "యా, ఖ్రాఖ్" అంటే సరే, ఇవ్వండి. "నే, దాంక్ ఊ" అంటే వద్దు, థాంక్స్. మనమే బిల్లు కొట్టుకునే కౌంటర్లున్న చోట చాలాసార్లు రసీదు స్కాన్ చేస్తేనే గేటు తెరుచుకుంటుంది, కాబట్టి "నే" అనేముందు కాస్త ఆలోచించండి. 'అలేన్ పిన్నెన్' అని రాసి ఉంటే కార్డే కావాలి, నోట్లు తీసుకోరు. ఖాళీ సీసాలు, డబ్బాలు పారేయకండి. కొనేటప్పుడే 'స్తాతీఖెల్త్' అనే డిపాజిట్ పట్టుకుంటారు. చిన్న సీసాకు, డబ్బాకు 15 సెంట్లు, పెద్ద సీసాకు 25. అంగట్లోని మెషిన్‌లో వేస్తే చీటీ వస్తుంది, చీటీకి డబ్బు వస్తుంది. చిన్న ప్లాస్టిక్ సీసాలకు 2021 జులైలో, డబ్బాలకు 2023 ఏప్రిల్‌లో ఈ పద్ధతి మొదలైంది.

గంటల సంగతి మరీ ముఖ్యం. "హల్ఫ్ ద్రీ" అని వినబడితే, ద్రీ అంటే మూడు గనుక మూడున్నర అనుకుంటాం. అది రెండున్నర. మూడుకు సగం దూరంలో ఉన్నామని వాళ్ల లెక్క. మనవణ్ణి బడినుంచి తెచ్చే పని మీకు అప్పజెప్పినప్పుడు ఇది గుర్తులేకపోతే పిల్లాడు గంటసేపు గేటు దగ్గర నిలబడతాడు. అంకెలు కూడా తిరగేసి చెబుతారు: నలభై అయిదును 'ఐదూ నలభై' అన్నట్టు 'ఫైఫ్-ఎన్-ఫేర్తిఖ్' అంటారు. కూరగాయల బేరంలో ఇరవై ఏళ్ల అనుభవమున్నా ధర చెవితో పట్టుకోవడం కష్టం. తెర మీద చూసుకోండి. అక్కడ మూడు యూరోల నలభై అయిదు సెంట్లను రాసేటప్పుడు మధ్యలో చుక్క ఉండదు, కామా ఉంటుంది.

అపోహ: వీసాకు డచ్ పరీక్ష రాయాలి.

చుట్టపుచూపుగా వెళ్లే షెంజెన్ వీసాకు ఏ భాషా పరీక్షా లేదు. 180 రోజుల్లో 90 రోజుల వరకు ఉండొచ్చు. స్థిరపడటానికి వెళ్లే భార్యాభర్తల్లో కొందరికి దేశం దాటకముందే ప్రాథమిక పరీక్ష ఉంది, అది 2006లో వచ్చింది. ఉన్నత నైపుణ్య వీసా మీద ఉన్నవాళ్ల కుటుంబాలకు అదీ లేదు. పరీక్ష పాస్ చేయిస్తామని డబ్బు వసూలు చేసే ఏజెంటు తగిలితే, మీ వీసా ఏ రకమో ముందు అడగండి.

అపోహ: ఆ ఉచ్చారణ తెలుగు నోటికి పట్టదు.

నిజానికి ఇంగ్లీషువాళ్లకంటే మనకే సులువు. ఇంగ్లీషులో మాట మొదటి ప, త, కలను ఊపిరి ఊది పలుకుతారు. డచ్‌లో ఊదరు, మన ప, త, కల్లాగే పలుకుతారు. హ్రస్వం, దీర్ఘం తేడా మనకు ఓనమాల్లోనే వచ్చేసింది, అక్కడా దానితో అర్థం మారుతుంది: 'మన్' అంటే మనిషి, 'మాన్' అంటే చంద్రుడు. కష్టపెట్టేది ఒక గొంతు శబ్దం, రెండు మూడు అచ్చులు. గొంతు శబ్దానికి మన ఖ దగ్గరగా సరిపోతుంది. పైగా ఐండ్‌హోవెన్ ఉన్న దక్షిణ ప్రాంతంలో, బెల్జియంలో ఆ శబ్దాన్ని మెత్తగా పలుకుతారు, గీరుడు ఉండదు. 'దాంక్ ఊ వెల్'లోని ఊకు మాత్రం చిన్న కిటుకుంది: పెదవులు ఊ అన్నట్టు గుండ్రంగా పెట్టి, నాలుకతో ఈ అనండి. రాతలో ఇంగ్లీషు లెక్క పనికిరాదు. ఓ (o) పక్కన ఈ (e) ఉంటే అది 'ఊ', ఐ (i) పక్కన జే (j) ఉంటే 'ఐ'.

వయసు మీద పడిందంటారా? బళ్లారివాళ్లకు ఆ మాట నప్పదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజే ఈ ఊరు మైసూరు వైపు వెళ్లింది. అప్పట్నుంచి ఆఫీసులో కన్నడం, ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ కలగలిపి బతుకుతున్నాం. వాటిలో వేటినీ పాఠం పెట్టించుకుని నేర్చుకోలేదు. వినీ, తప్పుగా అనీ, నవ్వించీ నేర్చుకున్నాం. డచ్ పలకరింపులకూ అదే దారి.

అపోహ: పెద్దవాళ్లని కూడా నువ్వు అంటారు, మర్యాద తెలియని జనం.

'మీరు' అనే మాట వాళ్లకూ ఉంది, అదే 'ఊ'. 'నువ్వు'కు 'యే'. కొత్తవాళ్లనీ పెద్దవాళ్లనీ మనం 'ఊ' అనడం క్షేమం. అయితే కాఫీ అందించే ఇరవై ఏళ్ల కుర్రాడు డెబ్భై ఏళ్ల మీతో 'యే' అంటే నొచ్చుకోకండి. అక్కడ ఆ మాట వాడుక చాలా విస్తరించింది. ఇంకొకటి: మీరు డచ్‌లో మొదలుపెట్టగానే ఎదుటివాళ్లు ఇంగ్లీషులోకి దూకుతారు. మీ డచ్ బాగోలేదని కాదు, పని త్వరగా తెమలాలని. 'ఖూదెమోర్ఖెన్' అని పలకరించి, ఆపైన ఇంగ్లీషులో అడిగినా ముఖం వికసించడం మీరే చూస్తారు.

అపోహ: శాకాహారి అని చెబితే చాలు.

'వెఖెతారిస్' అన్నది అందరికీ అర్థమవుతుంది. అయినా కొందరు చేపను మాంసం లెక్కలో వేయరు, గుడ్డును అసలే వేయరు. అందుకే పూర్తి వాక్యం కంఠతా పట్టండి: "ఇక్ ఏత్ ఖేన్ వ్లేస్, ఖేన్ విస్, ఖేన్ ఐయెరెన్." మాంసం, చేప, గుడ్లు తినను. చలికాలంలో 'ఎర్తెన్‌సూప్' అని ఎండు బఠాణీలతో చిక్కటి పులుసు ఇస్తారు. చూడ్డానికి మన పప్పులాగే ఉంటుంది, కానీ మామూలుగా అందులో పంది మాంసం, సాసేజి ముక్కలుంటాయి. వేయించిన 'క్రొకెత్' లోపల చాలాసార్లు గొడ్డు మాంసం. పక్కనే ఉండే 'కాస్‌సూఫ్లే'లో జున్ను. 'కిప్' అంటే కోడి, 'స్పెక్' అంటే పంది కొవ్వు మాంసం. 'జోందర్' అంటే లేకుండా, ఆ ఒక్క మాట ఎన్ని పూటలు గట్టెక్కిస్తుందో చెప్పలేను. హేగ్‌లో సురినామ్ హిందుస్తానీల రోటీ దుకాణాలున్నాయి. వాళ్ల పూర్వీకులు 1873 మొదలుకొని కలకత్తా నుంచి కూలి ఒప్పందం మీద ఓడెక్కినవాళ్లు. అక్కడి రోటీ పళ్లెంలో కోడి, ఉడికించిన గుడ్డు ఉండటం మామూలు. "జోందర్ కిప్, జోందర్ ఐ" అనండి. మజ్జిగ కోసం వెతుక్కునేవాళ్లకు శుభవార్త: 'కార్నెమెల్క్' పేరుతో డబ్బాల్లో దొరుకుతుంది. ఉప్పు, అల్లం మీరు కలుపుకోవాలి.

అపోహ: ఫోన్‌లో అనువాద యాప్ ఉంటే ఏదీ నేర్చుకోనక్కర్లేదు.

పొట్లం మీద రాత చదవడానికి కెమెరా బ్రహ్మాండంగా పనికొస్తుంది, వాడండి. కౌంటర్ దగ్గర వెనక ఆరుగురు నిలబడి ఉండగా కళ్లజోడు తీసి, ఫోన్ తెరిచి, మాట పట్టించడం మాత్రం అయ్యే పని కాదు. రైలు ప్రకటన మనకోసం ఆగదు.

బెల్జియం కూడా చూసొద్దామనుకుంటే ఆంట్వెర్ప్‌లో ఇవే మాటలు నడుస్తాయి. బ్రస్సెల్స్‌లో రెండు భాషలు, కానీ వీధిలో ఫ్రెంచే ఎక్కువ. దాని దక్షిణాన డచ్‌తో పని జరగదు. డచ్ ప్రాంతపు బోర్డుల మీద లియేజ్ ఊరు 'లఔక్' అయిపోతుంది, ఫ్రాన్స్‌లోని లీల్ 'రైసెల్' అయిపోతుంది. టికెట్ మీద పేరు, బోర్డు మీద పేరు వేరైతే కంగారు పడకండి.

చివరికి ఒక్క చోట మాత్రం డచ్ ప్రయోగాలు వద్దు. గుండె నొప్పి వచ్చినా, మంటలు లేచినా, దొంగతనం కళ్లముందు జరుగుతున్నా నెదర్లాండ్స్‌లోనూ బెల్జియంలోనూ నంబరు 112. డబ్బు పడదు. ఇంటి చిరునామా రాసిన చీటీ ఫోన్ వెనకే అతికించుకోండి, ఫోన్ ఎత్తినవాళ్లతో ఇంగ్లీషులోనే చెప్పండి.