పోస్ట్‌లో ఫోటో పెట్టడం ఎలా? సైజు, ఆల్ట్ టెక్స్ట్, క్యాప్షన్, లొకేషన్

చిరాగ్‌పల్లి నుంచి మాట్లాడుతున్నా. హైదరాబాద్ నుంచి ముంబై వైపు వెళ్తుంటే జహీరాబాద్ దాటాక, కర్ణాటక బార్డర్ దగ్గర వచ్చే ఊరు మాది. ఈ రోజు వర్డ్‌ప్రెస్ పోస్ట్‌లో ఫోటో ఎలా పెట్టాలో చూద్దాం.

ఉదాహరణకు మన పాత పంటల జాతర తీసుకుందాం. పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా రైతులు ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరుగుతారు కదా. అక్కడ మీరు పది ఫోటోలు తీశారనుకోండి.

మొదట సైజు. ఫోన్ ఫోటో ఒక్కోటి 4, 5 ఎంబీ ఉంటుంది. పదీ అలాగే పెడితే 50 ఎంబీ దాకా పోతుంది. సిగ్నల్ సరిగా లేని ఊళ్లో చదివేవాళ్లు అంతసేపు ఆగరు, వెనక్కి వెళ్లిపోతారు. అందుకే ఎడిటింగ్ యాప్‌లో వెడల్పు 1200 పిక్సెల్స్‌కు తగ్గించండి. ఒక్కోటి దాదాపు 200 కేబీకి వస్తుంది. ఫోన్‌లో చూసేవాళ్లకు అది చాలు.

ఇప్పుడు పోస్ట్‌లో ప్లస్ గుర్తు నొక్కి, ఇమేజ్ బ్లాక్ తీసుకుని అప్‌లోడ్ చేయండి. ఫోటో మీద నొక్కితే సెట్టింగ్స్ వస్తాయి. అందులో ఆల్ట్ టెక్స్ట్ అని ఉంటుంది. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. కళ్లు కనిపించనివాళ్లు టాక్‌బ్యాక్ పెట్టుకుని వినేది దాన్నే. 'ఫోటో' అని రాస్తే వాళ్లకు ఏం తెలుస్తుంది? 'ఎడ్లబండి మీద కుండల్లో జొన్న, కొర్ర విత్తనాలు, పక్కన నడుస్తున్న మహిళలు' అని రాయండి. నెట్ రాక ఫోటో తెరుచుకోకపోయినా ఆ మాటలు కనిపిస్తాయి.

తర్వాత క్యాప్షన్. ఆల్ట్ టెక్స్ట్‌లో కనిపించేది రాస్తాం, క్యాప్షన్‌లో కనిపించనిది రాస్తాం. ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం, ఫోటో ఎవరు తీశారు. ఊరికే 'ఒక రైతు మహిళ' అని రాసి వదిలేయకండి. ఆ విత్తనం దాచింది ఆమె. పేరు వేయొచ్చా అని అడిగి, సరే అంటేనే వేయండి. ఈ సంఘం మహిళలు తామే కెమెరా పట్టి తమ వ్యవసాయం మీద సినిమాలు తీశారు, 2008 నుంచి మాచ్‌నూర్‌లో సంఘం రేడియో నడిపారు. తమ మాట తామే చెప్పుకున్నవాళ్లు. మన పోస్ట్‌లో పేరు లేకుండా పోవడం ఏం బాగుంటుంది?

చివరిది లొకేషన్. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫోటో ఎక్కడ తీశారో ఫైల్ లోపల రాసిపెట్టుకుంటుంది. 2019లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్ మరీ పెద్ద ఫోటోలను తనే తగ్గిస్తుంది, కానీ మీరు ఎక్కించిన ఒరిజినల్ కూడా సర్వర్‌లో ఉంటుంది. ఒకరి ఇంటి ముందు తీసిన ఫోటో అయితే ఆ ఇంటి అడ్రస్ ఇచ్చినట్టే. కెమెరా సెట్టింగ్స్‌లో ముందే ఆఫ్ చేయండి. పాత ఫోటో అయితే గ్యాలరీలో లొకేషన్ తీసేసి పెట్టండి.

పబ్లిష్ కొట్టాక మొబైల్ డేటా మీద, వీలైతే ఇంట్లో ఉన్న పాత ఫోన్‌లో ఒకసారి తెరిచి చూడండి. అక్కడ గబుక్కున తెరుచుకుంటే మన పని అయినట్టే. ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!