నలభయ్యో బైటు నుంచి విముక్తి
ఒక్క పాత షరతు కోసం లినక్స్ కెర్నల్ 16 ఏళ్లు మోసిన బరువు 2025లో దిగింది

ఒక కంప్యూటర్‌లో 64 ప్రాసెసర్లు ఉన్నా, అవన్నీ ఒకే లెక్కల పుస్తకం కోసం ఎగబడితే లాభం లేదు. ఒకటి రాస్తుంటే మిగతావి వంతు కోసం నిలబడాల్సిందే. అందుకే లినక్స్ కెర్నల్ ప్రతి ప్రాసెసర్‌కూ సొంత ఖాతా ఇచ్చింది. బ్యాంకులో ఒక్కో కౌంటర్‌కు ఒక్కో క్యాష్ పెట్టె ఉంచి, సాయంత్రం అన్నీ కలిపి మొత్తం తేల్చినట్టే ఇదీ.

చిక్కల్లా ఆ ఖాతాలను మెమరీలో ఎక్కడ అమర్చాలన్నదే. ఇంటెల్, ఏఎండీల 64 బిట్ చిప్‌లపై జీఎస్ అనే రిజిస్టర్ ప్రతి ప్రాసెసర్‌కూ దాని ఖాతాకు దారి చూపుతుంది. అయితే జీసీసీ కంపైలర్ ఒక మెలిక పెట్టింది. 'కానరీ' అనే రహస్య సంఖ్య ఆ రిజిస్టర్ చూపే చోటుకు సరిగ్గా 40 బైట్ల దూరంలో ఉండి తీరాలి. ఫంక్షన్ ముగిసేటప్పుడు ఈ సంఖ్య చెదిరిపోయి కనిపిస్తే స్టాక్‌ పాడైనట్టే. కెర్నల్ వెంటనే ఆగిపోతుంది. భద్రతకు అది కావలసిందే, వదులుకునే వీల్లేదు.

ఆ షరతుకు తలొగ్గి, 2009లో తేజున్ హియో, బ్రయన్ గెర్స్ట్‌లు ఈ డేటా మొత్తాన్ని సున్నా చిరునామా నుంచి మొదలయ్యేలా మార్చారు. పీడీఏ పేరుతో విడిగా ఉన్న పాత ఏర్పాటును ఇందులో కలిపేశారు. ఒక గందరగోళం తగ్గింది, మరొకటి మొదలైంది. మిగతా కెర్నల్ ఎక్కడో పై చిరునామాల్లో ఉంటే, ఇదొక్కటీ సున్నా దగ్గర ఉండిపోయింది. దాంతో లింకర్‌కు ప్రత్యేక సూచనలు, చిరునామాలు సరిచేసే ఉపకరణంలో మినహాయింపులు తప్పలేదు.

2018లో వచ్చిన జీసీసీ 8.1 కానరీ చోటును ఎంచుకునే స్వేచ్ఛ ఇచ్చింది. అయినా పాత కంపైలర్లు వాడేవారి కోసం కెర్నల్ ఏళ్ల తరబడి ఓపిక పట్టింది. చివరికి 2025 మే నెలలో విడుదలైన లినక్స్ 6.15లో ఎక్స్86 చిప్‌లకు జీసీసీ 8.1 కనీస అర్హతగా మారింది. గెర్స్ట్ మార్పులతో కానరీ కూడా మామూలు ఖాతాల్లో ఒకటైంది. సున్నా చిరునామా ఏర్పాటు, దాని మినహాయింపులు తొలగిపోయాయి.

ఇందుకు మూల్యం లేకపోలేదు. అంతకన్నా పాత జీసీసీతో ఈ చిప్‌లకు కొత్త కెర్నల్ తయారు కాదు. సర్వర్ వాడేవారికి తేడా ఏమీ కనిపించకపోవచ్చు. కానీ ఆ కోడ్‌ను రేపు సరిచేయాల్సిన ఇంజనీరుకు మాత్రం గుర్తుపెట్టుకోవాల్సిన మినహాయింపులు తగ్గాయి.