చెక్కకీ బోర్డుకీ మధ్య మూడు మిల్లీమీటర్లు

వానాకాలంలో ఇంటి తలుపు బిగుసుకుపోవడం, ఎండాకాలం వచ్చేసరికి మళ్లీ మామూలుగా పడటం మీరు చూసే ఉంటారు. తలుపు ఉబ్బింది, పక్కనున్న గోడ మాత్రం అలాగే ఉంది. మరి అదే చెక్కని గోడకి ఆనించి, మధ్య సందులో పుట్టీ కూరి, పైన రంగు వేసేస్తే? ఏడాది తిరక్కుండానే నిలువునా పగులు కనిపిస్తుంది.

ఇంటీరియర్ రంగంలో సైట్ ఇంజినీర్ పోస్టుకి వెళ్లారనుకోండి. ‘ఉడ్ ప్యానెల్, జిప్సం బోర్డు కలిసేచోట జాయింట్ ఎలా ఫినిష్ చేస్తావ్?’ అని అడిగితే వెంటనే నోటికొచ్చే జవాబు ‘టేప్ వేసి, పుట్టీ పెడతా సర్’. అది తప్పు జవాబు. ఎందుకు తప్పో వివరించగలిగితే మాత్రం మెకానిక్స్, మెటీరియల్స్ పాఠాలు మీకు నిజంగా అర్థమయ్యాయని ఎదుటివాళ్లకి తెలిసిపోతుంది. ఈ సమస్య బాగా కనిపించే చోటు అమెరికా, కెనడాల్లోని ఇళ్ల బేస్‌మెంట్. అక్కడి నుంచే మొదలుపెడదాం.

నేల కింద గది ఎందుకు?

చలి ప్రాంతాల్లో శీతకాలం నేల గడ్డకడుతుంది. మట్టిలోని నీరు మంచై ఉబ్బితే పునాది లేస్తుంది. అందుకే గడ్డకట్టే లోతుకన్నా కిందికి పునాది వెయ్యాలని అక్కడి కోడ్ చెబుతుంది. మిన్నెసోటా రాష్ట్రంలో ఆ లోతు ప్రాంతాన్ని బట్టి 42 నుంచి 60 అంగుళాలు. అంత తవ్వాక ఇంకాస్త తవ్వి ఒక అంతస్తు చేసుకోవడం అక్కడ మామూలు. టెక్సాస్‌లో ఆ చలీ లేదు, పైగా చాలాచోట్ల ఉబ్బే బంకమట్టి. అందుకే డాలస్‌లో మీ బంధువుల ఇంటికి బేస్‌మెంట్ కనిపించదు, షికాగోలో ఉన్నవాళ్లకి ఉంటుంది. మొదట కాంక్రీట్ గోడలతో ఖాళీగా ఉన్న ఆ గదినే తర్వాత హోమ్ థియేటర్‌గానో, చుట్టాలొస్తే పడుకునే గదిగానో మార్చుకుంటారు.

కాంక్రీట్ గోడకి ముందు చెక్క ఫ్రేమ్ కట్టి, దానిమీద అర అంగుళం మందం డ్రైవాల్ బిగిస్తారు. డ్రైవాల్ అంటే మన దగ్గర ఫాల్స్ సీలింగ్‌కి వాడే జిప్సం బోర్డే. రెండు కాగితాల మధ్య జిప్సం. అగస్టీన్ శాకెట్ 1894లో ఇలాంటి బోర్డుకి పేటెంట్ తీసుకున్నాడు. 1917లో యునైటెడ్ స్టేట్స్ జిప్సం కంపెనీ ‘షీట్‌రాక్’ పేరుతో బోర్డు తెచ్చింది. అందం కోసం ఒక గోడకో, కింది మూడడుగుల వరకో చెక్క ప్యానెల్స్ వేస్తారు. చిక్కు అక్కడే వస్తుంది.

లెక్క వేసి చూద్దాం

రెండు బోర్డుల మధ్య జాయింట్ అయితే పద్ధతి ఒక్కటే. కాంపౌండ్ రాసి, పేపర్ టేప్ అద్ది, పైన మరో రెండు కోట్లు, ఒక్కోటీ ముందు దానికన్నా వెడల్పుగా. మామూలు కాంపౌండ్‌కి కోటుకీ కోటుకీ మధ్య ఒక రోజు ఆరనివ్వాలి. చివర్లో ఉప్పుకాగితంతో నునుపు చేయాలి. రెండు వైపులా ఒకే పదార్థం, రెండూ ఒకేలా కదులుతాయి కాబట్టి జాయింట్ నిలుస్తుంది.

చెక్క అలా కాదు. గాల్లో తేమని పీల్చి ఉబ్బుతుంది, పొడి గాలికి ముడుచుకుంటుంది. శీతకాలం హీటర్ నడుస్తుంటే గదిలో తేమ 30 శాతానికి పడిపోతుంది. అప్పుడు చెక్కలో ఉండే నీటి శాతం సుమారు 6. వేసవిలో గది తేమ 55 శాతం అయితే చెక్కలో నీటి శాతం సుమారు 10కి చేరుతుంది. వడ్రంగం పుస్తకాల్లో ఒక అంచనా సూత్రం ఉంది: చెక్కలో నీరు 4 శాతం మారితే పలక వెడల్పు సుమారు 1 శాతం మారుతుంది.

అంటే 100 మిల్లీమీటర్ల పలక 1 మిల్లీమీటరు కదులుతుంది. 2.4 మీటర్ల గోడకి అలాంటి పలకలు 24. అన్నీ సందు లేకుండా బిగించి ఉంటే మొత్తం 24 మిల్లీమీటర్ల తోపు! అందుకే పలకల మధ్య గాడి, నాలుక పద్ధతిలో కాస్త సందు వదులుతారు. మిగిలిన కదలిక అంచుకి చేరి బోర్డుని నెడుతుంది. జిప్సం బోర్డు దాదాపు కదలదు. మధ్యలో ఎండిన పుట్టీకి సాగే గుణం లేదు. పగలక ఏం చేస్తుంది?

ఇక్కడ ఇంకో విషయం గమనించండి. చెక్క నార వెంట, అంటే పలక పొడవునా, కదలిక నామమాత్రమే. అడ్డంగానే ఎక్కువ. కాబట్టి పలకలు నిలువుగా పెడితే పై అంచు దగ్గర పెద్దగా ఇబ్బంది ఉండదు, పక్క అంచుల దగ్గరే జాగ్రత్త కావాలి. పలకలు అడ్డంగా పెడితే సరిగ్గా తిరగబడుతుంది. ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికి ఉంటాయి కాబట్టి కదలిక చాలా తక్కువ, కానీ సున్నా కాదు. ఇంటర్వ్యూలో ఈ ముక్క చెప్పండి, తేడా మీకే తెలుస్తుంది.

దాచడం, సాగనివ్వడం, చూపించడం

పరిష్కారం జాయింట్‌ని గట్టిగా బిగించడంలో లేదు, కదలడానికి చోటివ్వడంలో ఉంది. మూడు దారులున్నాయి.

మొదటిది బీడింగ్. సందు మీద సన్నని చెక్క పట్టీ కప్పడం. అన్నిటికన్నా సులువు, ఎక్కువ కదలికకైనా పనికొస్తుంది. ఒక్కటే నియమం: పట్టీకి మేకులు ఒక వైపే కొట్టాలి. రెండు వైపులా కొడితే పట్టీయే చీలుతుంది, లేదా మేకు లేస్తుంది.

రెండోది ఎల్-బీడ్. బోర్డు అంచుకి ఎల్ ఆకారపు సన్నని ప్లాస్టిక్ పట్టీ పెట్టి, కాంపౌండ్‌తో దాని అంచు తీర్చి, చెక్కకీ దానికీ మధ్య 3 మిల్లీమీటర్ల సందు వదిలి, అందులో అక్రిలిక్ సీలెంట్ నింపుతారు. రంగు వేయాలంటే సిలికాన్ వద్దు, దానిమీద పెయింట్ పట్టదు. సందు ఇంకా వెడల్పైతే ముందు ఫోమ్ తాడు దూర్చాలి. సీలెంట్ రెండు పక్కల్నే పట్టుకోవాలి, అడుగున కూడా అంటుకుంటే స్వేచ్ఛగా సాగలేక చిరుగుతుంది. ఈ పద్ధతి ప్లైవుడ్ ప్యానెల్స్‌కి సరిపోతుంది. ఎక్కువగా కదిలే అసలు చెక్క పలకలకి సరిపోదు.

మూడోది గ్రూవ్. సందుని దాచకుండా 10 మిల్లీమీటర్ల నీడ గీతలా తిన్నగా వదిలేయడం. చూడ్డానికి డిజైన్‌లా ఉంటుంది. అయితే గీత ఏమాత్రం వంకర పోయినా కంటికి కొడుతుంది, కాబట్టి పనివాడి చెయ్యి బాగుండాలి.

ఏది ముందు, ఏది తర్వాత

బేస్‌మెంట్‌లో మొదటి పని తేమ చూడటం. రెండడుగుల పాలిథిన్ షీటుని కాంక్రీట్ గోడకి నాలుగు అంచులా టేప్‌తో అతికించి ఒకటి రెండు రోజులు ఉంచాలి. షీటు లోపలి వైపు తడి ఉంటే నీరు గోడలోంచి వస్తోంది, ముందు దాని సంగతి చూడాలి. గది వైపు తడి ఉంటే గాల్లో తేమ ఎక్కువ, డీహ్యుమిడిఫైయర్ కావాలి. ఇంట్లో తేమని 30 నుంచి 50 శాతం మధ్య ఉంచమని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ సూచిస్తుంది.

తర్వాత బోర్డు బిగింపు. నేలకి అర అంగుళం ఎత్తున ఆపాలి, లేదంటే కింద నీరు చేరినప్పుడు కాగితం దాన్ని వత్తిలా పైకి లాగుతుంది. ఆపై టేప్, కాంపౌండ్, రుద్దడం, రంగు. ప్యానెల్స్ చివరికి రావాలి, అదీ రెండు మూడు రోజులు అదే గదిలో ఉంచి, అక్కడి గాలికి అలవాటు పడ్డాకే. తడి కాంపౌండ్ ఆరుతున్న గదిలో చెక్క పెడితే ఆ తేమంతా చెక్క తాగేస్తుంది. కాంపౌండ్ రుద్దేటప్పుడు మాస్క్ తప్పనిసరి, ఆ ధూళిలో సిలికా ఉండొచ్చు.

మనకేంటి సంబంధం?

మన దగ్గర బేస్‌మెంట్ అంటే పార్కింగే. కానీ హైదరాబాద్ ఐటీ ఆఫీసు రిసెప్షన్‌లో వెనీర్ అతికించిన ప్లైవుడ్ ప్యానెల్, పక్కనే జీఐ చానెల్ మీద 12.5 మిల్లీమీటర్ల జిప్సం బోర్డు ఉంటుంది. జాయింట్ అదే. అక్కడ హీటర్ చేసే పని ఇక్కడ ఏసీ చేస్తుంది. వానాకాలంలో ఐదు రోజులు ఏసీ గాలి, శని ఆదివారాలు ఆపేస్తే బయటి తేమ. విశాఖలో సముద్రపు గాలి తోడవుతుంది. హ్యాండోవర్ రోజు క్లయింట్ స్నాగ్ లిస్టులోకి ఇలాంటి పగుళ్లు ఎక్కితే మళ్లీ మనుషుల్ని పంపాలి, మళ్లీ రంగు వేయాలి. బిల్లు ఆగిపోతుంది. వడ్రంగి తన ప్యానెల్ బానే ఉందంటాడు, బోర్డు పనివాళ్లు తమ గోడ బానే ఉందంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే. మధ్యలోని మూడు మిల్లీమీటర్లు చూసుకోవాల్సింది సైట్ ఇంజినీరు.

సివిల్, మెకానికల్, ఆర్కిటెక్చర్, డిప్లొమా ఎవరైనా సరే, ఈ వారం నుంచే ఇవి చేయొచ్చు:

• కాలేజీ ఆడిటోరియం, బ్యాంకు, మాల్‌లో చెక్కా గోడా కలిసేచోట్లు చూడండి. పగులు ఎక్కడుంది, నార ఎటు ఉంది, బీడింగా గ్రూవా నోట్ చేసుకోండి. పది చోట్లు చాలు.

• వాటిలో మూడింటికి కొలతలతో సెక్షన్ డ్రాయింగ్ గీయండి. ఆటోక్యాడ్ వచ్చినా సరే, ఒకటి చేత్తో గీయండి.

• అడుగు జిప్సం ముక్క, అడుగు చెక్క ముక్క తెచ్చి ఒక జాయింట్ పుట్టీతో, ఇంకోటి సందు, సీలెంట్‌తో చేయండి. కొన్నాళ్లు తడి గుడ్డ పక్కన, కొన్నాళ్లు ఫ్యాను కింద ఉంచి ఫొటోలు తీయండి. రెజ్యూమెలో ‘హార్డ్ వర్కింగ్’ అన్న మాటకన్నా ఈ ఫొటోలు ఎక్కువ మాట్లాడతాయి.

• చేతిపని నేర్చుకోవాలనుంటే 1998 నుంచి నడుస్తున్న హైదరాబాద్ మాదాపూర్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్‌లో ప్రస్తుతం ఏ కోర్సులున్నాయో కనుక్కోండి. వరల్డ్‌స్కిల్స్ అంతర్జాతీయ పోటీల్లో ‘ప్లాస్టరింగ్ అండ్ డ్రైవాల్ సిస్టమ్స్’ ఒక విభాగం. అందులో చాలా విభాగాలకి వయసు పరిమితి 22 ఏళ్లు, కాబట్టి ఆసక్తి ఉంటే ఫస్టియర్‌లోనే కదలండి.

ఇక ఆ ఇంటర్వ్యూ ప్రశ్నకి జవాబు ఇలా మొదలుపెట్టండి: ‘సర్, ముందు అది ప్లైవుడ్డా, అసలు చెక్కా చెప్పండి. నార ఎటు ఉందో కూడా చెబితే సందు ఎంత వదలాలో చెప్తాను.’