క్రిస్మసునాటి యింటిలెక్క



ఆదవాని, యెమ్మిగనూరు ప్రాంతములలో డిసెంబరు మాసమున రెండు పనులు ఒక్కసారిగా వచ్చి పడుచుండును. నల్లరేగడి చేలలో ప్రత్తి యేరుట ఇంకను ముగియదు. అంతలోనే సుగ్గికి ప్రయాణమగు మాట ఇంటింట వినవచ్చును. కన్నడమున సుగ్గి యనగా కోతకాలము. మన సీమలో ఆ మాట వలసకూలికి పేరైనది. గుంటూరు వైపు మిరపకాయల కోతకు కొందరు, బెంగుళూరున కట్టడపు పనులకు కొందరు మూటలు కట్టుకొని పోవుచుందురు.

ఈ రెంటి నడుమ 25వ తేదీన క్రిస్మసు పండుగ వచ్చును. క్రైస్తవ కుటుంబములవారు ఇంటికి సున్నము కొట్టి, కప్పుమీద కాగితపు నక్షత్రమును వ్రేలగట్టి, క్రొత్తబట్టలు ధరించి గుడికి పోవుదురు. ఆరు దినములు గడచిన పిమ్మట, 31వ తేదీ రాత్రి మరల గుడిలో కూడి, గడచిన యేటికి కృతజ్ఞత చెప్పుకొని, రాబోవు యేటికి వాగ్దాన వాక్యమున్న చీటిని ఒక్కొక్కరు తీసికొందురు. ఈ ఆరు దినములలో చిన్నవయసు ఆలుమగలు తమ యేటిలెక్కను ఎట్లు చూచుకొనవలయునో, అందు పెద్దలు చేయదగిన సాయమేమో నేడు మనవి చేసెదను.

ఇది క్రైస్తవులకే చెందిన మాటయని తలపవలదు. ఉగాదినాడు మనము పంచాంగము విని ఆదాయ వ్యయములు తెలిసికొనుచున్నాము. అవి రాబోవు యేటివి. గడచిన యేటి ఆదాయ వ్యయములను మాత్రము ఎవరును చదివి వినిపింపరు. ఎవరి ఇంటివి వారే చదువుకొనవలెను. అందులకు పైరు ఇల్లు చేరి, వలసకు కాలు కదపని ఈ దినములకంటె తగినవి లేవు. ఉగాది నాటికి సుగ్గికి పోయినవారిలో అనేకులు ఇంట నుండరు.

ఈ సీమ కష్టము నేటిది కాదు. 1876-78 సంవత్సరముల మహాక్షామమున బళ్లారి, కర్నూలు జిల్లాలు మిక్కిలి నష్టపడినవి. ఆదవాని అప్పుడు బళ్లారి జిల్లాలోనిది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో చేరినది. లండను మిషనరీ సంఘమువారు 1810లోనే బళ్లారిలో పని ప్రారంభించిరి గనుక, ఈ వైపు పల్లెలకు క్రిస్మసు పండుగయు క్రొత్తది కాదు. తుంగభద్ర దిగువకాలువ వచ్చి కొన్ని గ్రామములకు నీరిచ్చినది. అయినను మెట్టచేనికి నేటికిని వానయే దిక్కు. వాన తప్పిన యేడు చేనినుండి రాని రూకను కూలినుండి తెచ్చుకొనవలసి యుండును.

లెక్క చూచుకొనుటవలన మేలు కలుగునని యెమ్మిగనూరివారికి వేరుగా చెప్ప నక్కరలేదు. 1938లో మాచాని సోమప్పగారు అచ్చట నేతగాండ్ర సహకార సంఘమును స్థాపించిరి. సహకార సంఘమునందు లెక్క ఒక్కరి పెట్టెలో నుండదు. సభ్యుల యెదుట చదువబడును. ఇల్లును అట్టి చిన్న సంఘమే. భర్త ఒక్కడే తలలో లెక్క పెట్టుకొనినచో సగము తప్పిపోవును. ఉప్పు, పప్పు, మందులు, బిడ్డల పలకలు మొదలైన చిల్లరవ్యయములు ఇల్లాలికే తెలియును. కావున ఇరువురును కూర్చుండి వ్రాయవలెను.

ఇందుకు ఒక దృష్టాంతము చెప్పెదను. ఒక చిన్న కుటుంబము కలదనుకొనుడు. భార్యాభర్తలు, ఎనిమిదేండ్ల కూతురు, చంటిబిడ్డ. విత్తనమునకును, ఎరువునకును, పండుగ బట్టలకును కలిపి నిరుడు 40,000 రూపాయలు అప్పు తెచ్చిరి. వడ్డీ నెలకు నూటికి 2 రూపాయలు. ఇది వినుటకు స్వల్పముగా తోచును. కాని నెలకు 800 రూపాయలు, ఏడాదికి 9,600 రూపాయలు. దినమునకు 400 రూపాయల కూలి యనుకొన్నచో, ఆ వడ్డీ 24 దినముల కూలితో సమానము. అసలులో ఒక్క రూపాయియు తీరలేదు. అప్పును రూపాయలలో చెప్పినప్పుడు కలుగని తెలివి, దినములలో చెప్పినప్పుడు కలుగును. ఎండలో వంగి కాయ కోసిన 24 దినములు ఎవరికి పోయినవో ఆ ఆలుమగలకు అప్పుడు స్పష్టమగును. రాబోవు యేడు పండుగ వ్యయమును అప్పులో చేర్పవలెనా యని వారే ఆలోచించుకొందురు. మరియొకరు మందలింప నక్కరలేదు.

రాబడి, వ్యయము, అప్పు అను ఈ మూడును వ్రాసిన పిమ్మట నాలుగవ వరుస యొకటి వ్రాయవలెను. అనేకులు మరచునది ఇదియే. అది బిడ్డల బడిదినముల వరుస. 2009 సంవత్సరపు విద్యాహక్కు చట్టము ప్రకారము అయిదవ తరగతివరకు బడి ఏడాదికి 200 దినములు జరుగవలెను. మన దృష్టాంతములోని కూతురు తల్లిదండ్రులవెంట సుగ్గికి పోయి 70 దినములు బడి మానినదనుకొనుడు. మూడవవంతుకు మించిన చదువు పోయినది. చేనిగట్టున చంటిబిడ్డను కాచుటవలన ఆమె తల్లికి కూలి దొరికిన మాట నిజమే. కాని ఆ కూలిని రాబడి వరుసలో వ్రాసి, ఈ 70 దినములను ఎచ్చటను వ్రాయకున్నచో లెక్క సరికాదు. రెండుమూడేండ్లు వరుసగా ఇట్లు జరిగినచో, తోడిపిల్లలు చదువు పాఠము ఆ బిడ్డకు అందదు. అందనిచోటికి పోవుటకు సిగ్గుపడి ఆమె బడియే మానును.

ఇక పెద్దల వంతు. తాతయో అవ్వయో ఊరిలో నున్న యింట, ఈడు వచ్చిన బిడ్డను వారియొద్ద నిలుపుట మొదటి ఉపాయము. బడిలో మధ్యాహ్న భోజనము దొరకును గనుక ముసలివారికి భారము కొంత తగ్గును. అట్టి దిక్కు లేనివారికొరకు, వలసకుటుంబముల బిడ్డలకు సుగ్గికాలపు వసతిగృహములు నడపుట కలదు. మీ మండలమున అట్టిది ఈ యేడు తెరతురా యని జనవరి రాకమున్నే ఉపాధ్యాయుని అడిగి తెలిసికొనవలెను. బిడ్డను తీసికొనిపోక తప్పనిచో, పోయినచోటి బడిలో చేర్పింపవచ్చును. ఏడాది నడుమ వచ్చినదని చేర్చుకొనకపోవుటకు ఆ చట్టము ఒప్పదు. గుంటూరు వైపు బడులలో మన తెలుగే గనుక బిడ్డకు భాష అడ్డురాదు. రేషను కార్డు మీద బియ్యము పోయినచోటనే తీసికొను వీలు కలదు గనుక, కార్డును ఊరిలో కుదువబెట్టక వెంట తీసికొనిపొమ్మని చెప్పుడు.

ఒక్క జాగ్రత్త. లెక్క చూచునప్పుడు చిన్నవారిని పదిమందిలో నిలువదీయవలదు. అప్పు చేసినవాడు దాచుట నేర్చినచో మరుసటి యేడు నిజము చెప్పడు. పండుగనాడు ఓళిగలు పెట్టి, మరునాడు తీరికగా కూర్చుండబెట్టి, "నాయనా, అమ్మా, ఈ యేడు ఎట్లు గడిచినది?" అని అడిగిన చాలును. పోయినవానితోపాటు దక్కినవానిని కూడ చెప్పనిండు. బిడ్డ జ్వరము తగ్గి నిలిచినది, ఇంటి కప్పు మరమ్మతైనది, చిన్నయప్పు ఒకటి తీరినది - ఇవియును లెక్కలోనివే.

31వ తేదీ రాత్రి గుడికి పోవునప్పటికి ఆ యింట ఒక కాగితముమీద నాలుగు వరుసలు వ్రాసి యుండవలెను. క్రొత్తయేటి మొదటి వారమున సుగ్గి బండి యెక్కువారి పేర్లలో ఆ యెనిమిదేండ్ల కూతురి పేరు ఉండవలెనా, వలదా యను మాటను ఆ కాగితము చూచి నిశ్చయింపుడు. బండి కదలిన పిమ్మట ఆలోచించి ప్రయోజనము లేదు.