పిల్లల చదువుకీ ఓ లెక్కుంది!

ఇంటర్ దాకా కాలేజీవాళ్ళే కూర్చోబెట్టి చదివించేస్తారు. అసలు తంటా డిగ్రీలోనో ఇంజనీరింగులోనో చేరాక మొదలవుతుంది. అక్కడ వెంటపడేవాళ్ళుండరు. తనంతట తానే చదువుకోవాలి. పరీక్షల ముందు నాలుగు రాత్రులు జాగారం చేసి, తీరా ఫలితాలొచ్చాక సబ్జెక్టులు మిగుల్చుకునే పిల్లలెందరో! ‘వీడికి బుర్ర లేదు’ అని మనం తేల్చేస్తాం. లోపం బుర్రలో కాదు, లెక్కలో ఉండొచ్చు.

1963లో జాన్ కారల్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఓ సూత్రం చెప్పాడు. చదవడానికి వెచ్చించిన సమయాన్ని, ఆ పాఠం రావడానికి ఆ విద్యార్థికి పట్టే సమయంతో భాగించాలట. పది గంటలు కావలసినచోట ఆరు గంటలే కూర్చుంటే చదువు అరకొరే. కందిపప్పు ఉడికే టైము వేరు, పెసరపప్పు ఉడికే టైము వేరు. పక్కింటమ్మాయికి మూడు గంటల్లో వచ్చిందని మనవాడికీ అంతే చాలాలంటే ఎలా?

మరి సొంతంగా ఎంతసేపు చదవాలి? మన దేశంలో 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ విధానంలో ఒక క్రెడిట్‌కి 30 గంటలు. క్లాసులు, సొంత చదువు అన్నీ కలిపే. 4 క్రెడిట్ల సబ్జెక్టుకి 120 గంటలన్నమాట. వారానికి 4 క్లాసుల చొప్పున 15 వారాలకి 60 గంటలు పోతే, మిగతా 60 పిల్లలవే. అంటే సబ్జెక్టుకి వారానికి 4 గంటలు. నాలుగు రాత్రుల్లో అయ్యే పనేనా?

పైగా మరపు సంగతొకటుంది. జర్మనీకి చెందిన ఎబింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాలు బట్టీపట్టి, మళ్ళీ నేర్చుకునేటప్పుడు ఎంత శ్రమ కలిసొస్తుందో కొలిచి 1885లో అచ్చువేశాడు. 20 నిమిషాలకి 58 శాతం, ఒక రోజుకి 34, నెలకి 21. మొదట్లోనే గబగబా జారిపోతుంది!

దానికి మందూ ఉంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే అమెరికా పరిశోధకులు కాలేజీ విద్యార్థుల్లో కొందరిచేత పాఠం రెండుసార్లు చదివించారు. కొందరిచేత ఒకసారి చదివించి, చూడకుండా రాయించారు. అయిదు నిమిషాలకి చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత మాత్రం వాళ్ళకి 42 శాతం, రాసినవాళ్ళకి 56 శాతం గుర్తుంది.

మనం చేయగలిగింది:

* ‘చదివావా?’ అనే బదులు ‘ఏం చదివావో చెప్పు నాన్నా’ అనండి. మనకి అర్థం కాకపోయినా సరే, వాడికి గుర్తుండిపోతుంది.

* చదివింది మర్నాడోసారి, వారానికోసారి తిరగేయమనండి.

* హాస్టల్లో ఉంటే ఫోనులో మార్కులకి ముందు, ఈ వారం ఎన్ని గంటలు చదివారో అడగండి.

పాలు తోడుపెట్టి వేళ ఇస్తేనే పెరుగు తోడుకుంటుంది. చదువూ అంతే!